దూదక్క కూర్చునే పది రోజులు

పగలు పదకొండు గంటలప్పుడు మసీదు మైకు మోగిందంటే ఎవరో పోయినట్టే. అది నమాజు వేళ కాదు గనక ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఆ రోజు పన్నెండు మందిమి మా చేలో మిరప మూడో కోత కోస్తున్నాం. ముందు మైకు గరగరమంది. పక్క సాలులో ఉన్న మా తోడికోడలు నడుం ఎత్తి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని, "ఎవరో వెళ్ళిపోయారే" అంది. అందరం చెవులప్పగించాం.

దూది ఏకే ఫలానా ఆయన భార్య, వేటపాలెంలో కాలం చేసింది, మధ్యాహ్నానికి ఊరికి తెస్తున్నారు, సాయంత్రం నమాజు అయ్యాక మట్టి. మైకులో చెప్పింది ఇంతే. ఎప్పుడో పోయిన మొగుడి పేరు పెట్టి ఆమెను చెప్పారు. బతికుండగా ఊళ్ళో ఒక్కరు కూడా ఆమెను అలా పిలవలేదు. మాకందరికీ ఆమె దూదక్క. అసలు పేరు నాకు తెలుసు గానీ చెప్పను. ఆ పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా వాడుకోలేదు ఆమె.

నా చేతులు ఆగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సాలు చివరిదాకా కోస్తూనే వెళ్ళాను. గట్టు దగ్గరికి చేరాక మా తోడికోడలు వచ్చి నా ఒడి విప్పి, కాయలు పట్టా మీద పోసి, "ఇక పద అక్కా" అంది. అప్పుడు కూలబడ్డాను.

దూదక్క అంటే ముందు నాకు కనబడేది ఆమె కనుబొమ్మలు. ఎప్పుడూ దూది నూగు అంటుకుని తెల్లగా ఉండేవి. ముప్పై ఏళ్ళప్పుడే ముసలమ్మలా కనిపించేది. తుడుచుకోవే అంటే, "ఇప్పుడు తుడిస్తే మళ్ళీ పడదా? సాయంత్రం ఒకేసారి తుడుస్తాలే" అనేది. సాయంత్రం కూడా తుడిచేది కాదు. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ ఎడమ కన్ను మూసే అలవాటు పడింది. మనిషితో మాట్లాడేటప్పుడు కూడా ఆ కన్ను మూసే చూసేది. మన ముఖంలో ఎక్కడో చిన్న బెజ్జం ఉన్నట్టు, అందులోకి దారం పోనివ్వాలన్నట్టు చూసేది. కొత్త కోడళ్ళు ఆ చూపుకి బెదిరిపోయేవాళ్ళు.

ఇంకో అలవాటు ఉండేది. నిలబడి ఏ మాటకీ జవాబు చెప్పేది కాదు. ఎండలో నడిరోడ్డు మీద అడిగినా, "ఉండమ్మాయ్, కూర్చుని చెబుతా" అని నిజంగానే కూర్చునేది. మైలురాయి ఉంటే దాని మీద, లేకపోతే చెప్పులు విడిచి వాటి మీద. ఒకసారి మేమిద్దరం చిలకలూరిపేట బస్సెక్కాం. కండక్టరు, "ఎక్కడికమ్మా?" అన్నాడు. సీటు లేదు. దూదక్క బస్సు మెట్ల మీదే చతికిలబడి, "ఇప్పుడు చెబుతా నాయనా. పేటకి" అంది. బస్సంతా నవ్వు. కండక్టరు కూడా నవ్వాడు. "ఇంత ఆలోచించి చెప్పేది పేటకా అమ్మా, నేనింకా కాశీకనుకున్నా" అన్నాడు.

"కాశీకైనా కూర్చునే చెబుతా నాయనా" అంది.

వాళ్ళాయన ఉన్నన్నాళ్ళూ ఆయన దూది ఏకేవాడు, ఈమె పరుపులు, బొంతలు కుట్టేది. ఆయన పోయాక రెండూ ఈమే చేసింది. కొత్త పత్తి ఇళ్ళకు చేరే రోజుల్లో ఒక్కో ఇంటి ముందు పట్టా పరుచుకుని, పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని బెత్తంతో కొట్టేది. పరుపు చూసి ఆ ఇంటి సంగతులన్నీ చెప్పేసేది. "ఈ పక్క పడుకునే మనిషి గోడ వైపు తిరిగి పడుకుంటన్నాడు, ఏం తల్లీ, తగువా?" అని అడిగితే ఆ ఇంటి ఇల్లాలు లోపలికి పారిపోయేది. మా పరుపు మొదటిసారి విప్పినప్పుడు ఎడమ కన్ను మూసి చూసి, "మధ్యలో ఒక్కటే గుంట పడింది. బాగుందమ్మాయ్, ఇట్టాగే ఉండండి" అంది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. పశువులకి నీళ్ళు పెట్టాలని చెప్పి తప్పుకున్నాడు. అవి అంతకుముందే తాగాయి.

రంజాను నెలలో చివరి పది రోజులు ఆమె ఎవరికీ కనబడేది కాదు. వాళ్ళలో మగవాళ్ళు ఆ పది రోజులు మసీదులో ఒక మూల ఉండిపోతారు. ఇంటికి రారు, పని ముట్టరు. ఆడవాళ్ళయితే ఇంట్లోనే ఒక మూల తెర కట్టుకుని కూర్చోవచ్చట. మా ఊళ్ళో వాళ్ళ ఆడవాళ్ళలో అలా కూర్చునేది ఈమె ఒక్కతే. కూలి చేసుకునే మనిషికి పది రోజులు పని మానడం మాటలు కాదు. ఆ పండగ ఏటేటా ముందుకు జరుగుతుంది గదా, ఒకసారి వానల్లో వచ్చేది, ఒకసారి కోతల్లో వచ్చేది. ఎప్పుడొచ్చినా కూర్చునేది. పాత చీరలు రెండు కలిపి కుట్టిన తెర, ఒక చాప, నమాజు గుడ్డ, నీళ్ళ బిందె. అంతే.

"పది రోజులూ ఏం చేస్తావే లోపల?" అని నేనొకసారి అడిగాను.

మా అరుగు మీద కూర్చుంది. "సగం దేవుడికి, సగం నాకు."

"నీకంటే?"

"వచ్చే ఏడు ఏం చెయ్యాలో చూసుకుంటా. మిగతా రోజుల్లో ఏదొస్తే అది చేస్తాం. ఈ పది రోజులు ఏది రావాలో చూసుకుంటా."

"మీ దేవుడేమీ అనుకోడా, ఆయన ముందు కూర్చుని నీ పనులు చూసుకుంటే?"

"మసీదు పెద్దాయన అదే అన్నాడు. అల్లా ధ్యాస తప్ప వేరే ధ్యాస ఉండకూడదంట. నేనన్నా గదా, అయ్యా, నన్ను పుట్టించిందీ ఆయనే, నా పనులు పుట్టించిందీ ఆయనే, చూసుకుంటే కోప్పడతాడా అని."

"ఏమన్నాడు?"

"నీతో మాట్లాడితే నా ఒక్కపొద్దు చెడుద్ది పో తల్లీ అన్నాడు."

పది రోజుల తర్వాత ఒకే ఒక్క నిర్ణయంతో బయటికి వచ్చేది. రెండు ఉండకూడదనేది. ఒక ఏడు ముక్కుపొడుం మానేసింది. ఒక ఏడు ఏళ్ళ తరబడి పలకరింపుల్లేని మరిది ఇంటికి సేమియా పాయసం గిన్నెతో వెళ్ళి, వాళ్ళ గుమ్మంలో కూర్చుంది. ఇంకో ఏడు, "ఈ ఏడు ఎవరితోనూ పోట్లాడను" అని తెర బయటికి వచ్చింది. పండగ రోజు పొద్దున్నే బోరింగు దగ్గర బిందెల వరసలో పోట్లాడింది. "పోనీలే, వచ్చే ఏడు మళ్ళీ అనుకుంటా" అంది. మేమంతా నవ్వుకునేవాళ్ళం. కూలికెళ్ళే దానికి ఆలోచించుకోవడానికి సెలవేమిటని మా తోడికోడలు వెక్కిరించేది కూడా. నేను వెక్కిరించలేదు గానీ, నవ్వాను.

మా ఆయన పోయింది మోటారు దగ్గర. మిరపకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళి స్టార్టరు ముట్టుకున్నాడు, కరెంటు కొట్టింది. మా పిల్లకి అప్పుడు తొమ్మిదేళ్ళు. పదకొండో రోజు పెద్దకర్మ అయింది. మాలో ఒక ఆచారం ఉంది. కర్మ అయ్యాక మొగుడు పోయిన దాన్ని వేరే ఇంటికి తీసుకెళ్ళి మూడు రాత్రులు పడుకోబెడతారు. నిద్ర చేయించడం అంటారు. ఆ మూడు నిద్రలయితే గానీ తిరిగి ఇంట్లో అడుగు పెట్టకూడదు. మా అన్నయ్య అద్దంకి అవతలి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నిద్ర చేయించడానికని అందరికీ చెప్పాడు. కానీ అంతకు ముందురోజే చేను ఇచ్చిన ఆసామి దగ్గరికి వెళ్ళి, కౌలు వదిలేస్తున్నామని చెప్పి వచ్చాడు. మా వదిన పిల్ల పుస్తకాలు గోతాంలో కట్టింది. పిల్ల పెద్దదయ్యాక తన కొడుక్కి చేసుకుంటానని అన్నయ్య మా బాబాయితో అంటుంటే గోడ ఇవతల విన్నాను. అన్నయ్య చెడ్డవాడు కాదు. చెల్లెలు దిక్కులేనిదయిందని ఆయన బాధ. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకూ తెలియదు. పదకొండు రోజులుగా ఎవరు అన్నం పెడితే తిన్నాను, ఎవరు లెమ్మంటే లేచాను.

ఆటోలో సామాను పెడుతుంటే దూదక్క వచ్చింది. గుమ్మం ముందు నేల మీద కూర్చుంది. అది చూసి మా తోడికోడలు, "అయిపోయింది, ఇవాళ ఆటో కదల్దు" అని గొణిగింది.

"అబ్బాయ్," అంది మా అన్నయ్యతో, "నీ చెల్లెల్ని మూడు నిద్రలూ మా ఇంట్లో చేయనీ."

అన్నయ్య తాడు బిగిస్తూనే అన్నాడు. "నీకేమన్నా పిచ్చా అమ్మా? సాయిబులింట్లో నిద్రా? రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ దేని మీద పడుకుంటన్నారో అడుగు. ఈ ఊళ్ళో పరుపులన్నీ నా చేతి మీద కుట్టినయ్యే. ఊరంతా పాతికేళ్ళుగా నా దూది మీదే నిద్రపోతా ఉంది. ఈ పిల్ల మూడు రాత్రులు పడుకుంటే మైలపడిపోద్దా?"

ఎవరో కిసుక్కుమన్నారు. చావింట్లో పదకొండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. అన్నయ్య ముఖం ఎర్రబడింది. అప్పుడు నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు. లేచి వెళ్ళి దూదక్క పక్కన కూర్చున్నాను. అన్నయ్య నన్నూ ఆమెనూ చూసి, చేతిలో తాడు కింద పడేశాడు. "మూడు నిద్రలు. నాలుగో రోజు పొద్దున ఆటో తెస్తా" అన్నాడు.

ఆమె ఇల్లు ఒకటే గది. మూలన పది రోజులకు కట్టుకునే తెరే నాకు కట్టింది. కొత్త చట్టి, విడిగా మూడు రాళ్ళ పొయ్యి పెట్టి నాకు పప్పన్నం వండింది. "మీ వాళ్ళు అడిగితే చెప్పు, చట్టి కూడా కొత్తదే అని" అంది. మా పిల్లని తెర అవతల తన దగ్గర కూర్చోబెట్టుకుని పత్తిలో గింజలు ఏరిస్తూ ఉంది.

"మీ వాళ్ళకి తొందరెక్కువ అమ్మాయ్" అంది మొదటి రోజు. "పదకొండు రోజులకే లేపేస్తారు. మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అప్పుడు నాకు జైలనిపించింది. మొదటి నెల ఏడ్చా. రెండో నెల నిద్రపోయా. మూడో నెల ఆకలేసింది. నాలుగో నెలలో ఆలోచనొచ్చింది. నువ్వు మూడు రోజుల్లో అంతా చెయ్యాలి, పాపం. ఏడుపు తొందరగా కానియ్."

ఏడ్చాను. ఆ పొద్దున నేనే ఆయన్ని చేనికి తొందరపెట్టాను. మడులు ఆరిపోతున్నాయి, వెళ్ళవయ్యా అన్నాను. ఎవరికీ చెప్పని ఆ మాట తెర వెనక నుంచి ఆమెకు చెప్పాను. ఆమె ఊరుకో అనలేదు, నీ తప్పు కాదనలేదు. బెత్తంతో దూది కొడుతూనే ఉంది. రెండో రోజంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మూడో రోజు మధ్యాహ్నం ఆకలేసి లేచాను. అన్నం తెర కిందుగా తోసి, అవతల కూర్చుని బొంత కుడుతూ, దారం పళ్ళ మధ్య పట్టుకునే అడిగింది.

"వచ్చే ఏడు ఈ రోజు పొద్దున, ఎక్కడ పళ్ళు తోముకుంటా ఉంటావే?"

"ఏం ప్రశ్నక్కా అది?"

"చెప్పు. బతుకంతా అడగట్లేదు గదా. పళ్ళు తోముకోవడం ఒక్కటే."

ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అన్నయ్య ఇంటి పెరడు కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ కుళాయి ఒకటే. మా వదిన బిందె పెట్టుకుని పక్కన నిలబడి ఉంటుంది. ఏమీ అనదు, నిలబడే ఉంటుంది. నేను గబగబా పుక్కిలించి పక్కకు జరుగుతాను. తర్వాత మా ఇంటి నీళ్ళ గోలెం కనిపించింది. దాని పక్కన బట్టలు ఉతికే బండ. ఆ బండ మీద నేను కూర్చుని ఉన్నాను. పక్కన ఎవరూ లేరు. ఆయనా లేడు. అయినా అక్కడే ఉన్నాను.

"మా గోలెం దగ్గర" అన్నాను.

"పిల్ల?"

పిల్ల గోలెం దగ్గర కనపడలేదు. ఎంత వెతికినా కనపడలేదు. వరసగా కుళాయిలు, వరసగా పిల్లలు, ఒకే రకం గౌన్లు. వాళ్ళ బడి పంతులమ్మ హాస్టలు బడి గురించి ఎప్పుడో చెప్పింది, ఆయన వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. "హాస్టల్లో" అన్నాను. ఆ మాటతోనే గట్టిగా ఏడ్చాను. తెర అవతల పిల్ల, "నేనెక్కడికమ్మా?" అంటోంది.

దూదక్క దారం కొరికింది. "ఇంక అన్నం తిను" అంది.

నాలుగో రోజు పొద్దున అన్నయ్యకు చెప్పాను. ఆయన ఆటో వాణ్ణి ఖాళీగా పంపలేక అందులో తనే ఎక్కి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మాట్లాడలేదు. ఆసామి దగ్గరికి నేనే వెళ్ళి, కౌలు వదలనని చెప్పాను. ఎకరంన్నర చేశాను. పిల్ల హాస్టల్లో చదువుకుంది. ఇప్పుడు నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పెళ్ళి కూడా తను అనుకున్న అబ్బాయినే చేసుకుంది.

ఆయన పోయిన మరుసటేడు దూదక్క మా పరుపు తిరగకొట్టడానికి వచ్చింది. విప్పి, బెత్తం పక్కన పడేసి, మధ్యలో గుంట మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఇది తీసెయ్యనా, ఉంచనా?"

"ఉంచక్కా" అన్నాను.

చుట్టూ ఉన్న దూది మాత్రం ఏకి, ఆ గుంట అలాగే ఉంచి కుట్టింది. ఆ తర్వాతి ఏడు నేనే తీసెయ్యమన్నాను. అది చెప్పడానికి నేను కూర్చోవలసి వచ్చింది.

తర్వాత తర్వాత ఊళ్ళోకి ఫోము పరుపులు వచ్చాయి. వ్యాన్లో మైకు పెట్టుకుని వచ్చి, పాత పరుపు తీసుకుని కొత్తది ఇచ్చి పోయేవాళ్ళు. దూదక్క ఆ వ్యాను దగ్గరికి వెళ్ళి ఫోము వేలితో నొక్కి చూసింది. వేలు తియ్యగానే అది పైకి లేచింది. "దీనికి మనిషి గుర్తుండడు" అంది. పని తగ్గిపోయింది. ఇన్నేళ్ళ దూది ఊపిరితిత్తుల్లో చేరిందేమో, దగ్గు పట్టుకుంది. పిల్లలు లేరు. ఉన్న ఒక్క గది అద్దెది, కప్పు కురుస్తుంది. అయినా చివరి పది రోజులూ కూర్చోవడం మానలేదు.

మొన్న రంజాను సరిగ్గా మిరప కోతల్లో వచ్చింది. పండగ వెళ్ళిన నాలుగో రోజు ఆమె కల్లం దగ్గరికి వచ్చింది. నేను ఎండబోసిన కాయల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరిస్తున్నాను. ముగ్గురు కూలీలున్నారు. ధారలుగా చెమటలు కారుతున్నాయి ఆమెకు, అంత దూరం నడిచినందుకు. గోతాం మీద కూర్చుంది. ఘాటుకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగింది.

"నువ్వూ కూర్చోవే."

"పనుందక్కా, చెప్పు. ఈ ఏడు ఏమనుకున్నావు?"

"ఈ ఏడు ఒకటే అనుకున్నా. ఒంటరిగా పోగూడదని." ఎడమ కన్ను మూసి నా వైపు చూసింది. "మీ ఇంట్లో ఆ పక్క గది ఉంది గదా. నన్నుంచుకుంటావా? ఎక్కువ రోజులు పట్టదులే."

నేను నిలబడే ఉన్నాను. చేతిలో తాలుకాయలున్నాయి. కూలీలు వింటున్నారు. నోట్లోంచి ఏం వచ్చిందంటే, "అమ్మాయిని అడిగి చెబుతానక్కా" అని.

ఆమె తలాడించింది. ముఖంలో ఏమీ మారలేదు. "అడుగు. అడక్కుండా ఎట్టా" అంది. "రేపు మా అక్క కూతురు వేటపాలెం నుంచి వస్తంది. నీ కబురొచ్చేదాకా దాని దగ్గరుంటా. అక్కడ జీడిగింజలు కాల్చే పొగ నాకు పడదు గానీ, నాలుగు రోజులే గదా." లేచి, చీర దులుపుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రమే పిల్లకి ఫోన్ చేశాను. నేను మాట పూర్తి చెయ్యకముందే, "అడగడమేంటమ్మా? ఆమె లేకపోతే నేనెక్కడుండేదాన్ని? రేపే తీసుకురా. వీలైతే ఆదివారం నేనే వచ్చి తీసుకొస్తా" అంది. అల్లుడు ఫోను తీసుకుని, "అత్తయ్యా, దగ్గుకి మన డాక్టరుగారికి చూపిద్దాం" అన్నాడు.

అంత త్వరగా, అంత తేలిగ్గా అయిపోయింది.

మరి ఎందుకు వెళ్ళలేదంటే, గదిలో మిరపకాయ బస్తాలున్నాయి. ఆ ఘాటులో ఆమె ఉండలేదు. మూడో కోత కూడా కానిచ్చి, సరుకంతా గుంటూరు పంపేసి, గది కడిగించి, సున్నం కొట్టించి తీసుకొద్దామనుకున్నాను. పిల్లని కూడా ఆదివారం రావద్దన్నాను, కోతలయ్యాక రమ్మన్నాను. ఇక్కడ మేమంతా ఇంతే. పెళ్ళిచూపులు కోతలయ్యాక, కంటి ఆపరేషన్ కోతలయ్యాక, ఎవరితోనైనా మాట్లాడాలంటే కోతలయ్యాక. కోతలయ్యాక పత్తి గింజలు పెట్టే రోజులు వస్తాయి.

నిజం చెప్పాలంటే గది ఒక్కటే కారణం కాదు. కల్లంలో కూలీల ముందు ఆమె అడిగినప్పుడు, మా వియ్యపురాలు వచ్చి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు నా కళ్ళకి కట్టింది. అన్నయ్య గుర్తొచ్చాడు. మూడు రాత్రులు నన్ను తన ఇంట్లో పడుకోబెట్టుకున్న మనిషిని నా ఇంట్లో పెట్టుకోవడానికి, ఎవరూ ఏమీ అనకముందే నేను భయపడ్డాను. ఆ భయానికి కోతలు అడ్డం పెట్టుకున్నాను. పిల్ల సరేనంది అని ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. వెళ్ళి ఎదురుగా చెబితే బాగుంటుందనుకున్నాను. అలా ఇరవై మూడు రోజులయ్యాయి.

మధ్యాహ్నం వ్యాన్లో తెచ్చారు. ఆ అద్దె గదిలోనే స్నానం చేయించారు. వాళ్ళ ఆడవాళ్ళు చేస్తుంటే గుమ్మం బయట నిలబడ్డాను. తెల్లగుడ్డ చుట్టాక ముఖం చూడమన్నారు. కనుబొమ్మలు నల్లగా ఉన్నాయి. ఎవరో శుభ్రంగా తుడిచేశారు. ఎవరి ముఖమో అనిపించింది.

మగవాళ్ళు మోసుకెళ్ళారు. ఆడవాళ్ళు వెళ్ళరు గనక అందరం అక్కడే మిగిలాం. దూదక్క అక్క కూతురు నా దగ్గరికి వచ్చింది. జీడిపిక్కల జిడ్డుకి వేళ్ళన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"పక్క గది ఉన్న అమ్మ మీరేనాండి?"

"నేనే."

"పిన్నమ్మ మీ గురించే చెప్పేదండి. వచ్చిన రోజే దండెం చూపించా, చీరలు వేసుకో పిన్నమ్మా అని. నాలుగు రోజులకి దండెమెందుకే, మా చెల్లెలు పిలిపిస్తది అంది. ఆఖరిదాకా మూటలోంచే చీర తీసుకోడం, మళ్ళీ మూట కట్టుకోడం. నాకేమో కోపమొచ్చేది, మా ఇల్లు అంత కానిదయిందా అని." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "మీకేదో ఇబ్బంది వచ్చుంటదండి. పిన్నమ్మ కూడా అదే అంది. వాళ్ళమ్మాయి ఒప్పుకుని ఉండదులే పాపం, అది నాకెట్టా చెప్పుద్ది, అంది."

మా పిల్ల ఆ సాయంత్రమే ఒప్పుకుందని చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరికి చెప్పాలి? చెప్పవలసిన మనిషిని అప్పటికి వీధి మలుపు తిప్పేశారు. నా పిల్ల మీద ఆ మాట మోపి వెళ్ళిపోయింది ఆమె. నా మీద కాదు. నా మీద అనుమానం కూడా పడలేదు ఆమెకి.

మూట నాకిమ్మని అడిగాను. ఆ పిల్ల ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. మా తోడికోడల్ని పిలిచాను. ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని పక్క గదిలో బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి వసారాలో వేశాం. తొమ్మిది బస్తాలు. గది ఊడ్చి, రెండు బిందెల నీళ్ళు పోసి కడిగాను. కిటికీ తెరిచాను. గోడకు రెండు మేకులు కొట్టి దండెం కట్టాను. మూట విప్పి చీరలు దాని మీద వేశాను.

పొద్దు వాలకముందే అంతా అయిపోయింది. గంట కూడా పట్టలేదు.